ముట్టినట్టు సంతకం

ప్రైవేటు మెడికల్ కాలేజీల్లో పీజీ డాక్టర్లకు స్టైపెండ్ ఇవ్వరని గిట్టనివాళ్లు ప్రచారం చేస్తుంటారు. పచ్చి అబద్ధం. ఇస్తారు. బ్యాంకు ఖాతాలో వేసి మరీ ఇస్తారు. వేసినట్టు స్టేట్‌మెంట్ తీసి, దాని మీద ప్రిన్సిపల్ గారి చేత సంతకం పెట్టించి, గుండ్రటి ముద్ర కొట్టి ఫైలు చేస్తారు. ఇన్‌స్పెక్షన్‌కి వచ్చిన పెద్దమనుషుల ముందు ఆ ఫైలూ, జీడిపప్పు ప్లేటూ పక్కపక్కనే పెడతారు. ఇంతకు మించి ఒక యాజమాన్యం ఏం చేయగలదు? వేసిన డబ్బు పిల్లల దగ్గరే ఉండిపోవాలని కూడా పట్టుబడితే అది మరీ దురాశ.

ఈ విద్య తెలియనివాళ్ల కోసం కాస్త వివరంగా చెప్పాలి. నీట్ పీజీ రాసి, ర్యాంకు తెచ్చుకుని, కౌన్సెలింగ్‌లో సీటు సంపాదించుకున్న కుర్ర డాక్టరు కాలేజీలో చేరగానే అతని పేరు మీద ఓ ఖాతా తెరుస్తారు. కాలేజీ ఆవరణలోనో, గేటు ఎదురుగానో ఉన్న బ్రాంచిలోనే. పాస్‌బుక్కు, ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు అన్నీ వస్తాయి. నేరుగా అకౌంట్స్ సెక్షన్‌కి వస్తాయి. పగలనక రాత్రనక డ్యూటీల్లో తిరిగే పిల్లలు, ఎక్కడైనా పారేసుకుంటారేమోనని ఆఫీసు బీరువాలో పెట్టి తాళం వేస్తారు. పిన్ నంబరు మరిచిపోతారేమోనని అదీ రాసి ఉంచుకుంటారు. చెక్కుల మీద మాత్రం సంతకాలు పిల్లల చేతే పెట్టిస్తారు. ఫోర్జరీ నేరం కదా, చట్టమంటే అంత భయభక్తులు. ఇక ఏ పదో తారీఖునో స్టైపెండ్ జమవుతుంది. ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. కుర్ర డాక్టరు ఐసీయూలో ఓ మూల నిలబడి ఆ అంకె చూసుకుని మురిసేలోగా రెండో మెసేజ్ వచ్చేస్తుంది. పీటల మీద ఫొటోలు తీయడం అయ్యేదాకా పెళ్లికూతురి మెడలో మెరిసి, భోజనాల వేళకి సొంతదారు పెట్టెలోకి వెళ్లిపోయే అరువు హారం ఉంటుంది చూశారూ, సరిగ్గా అలాంటి సొమ్ము ఇది. ఫొటో మాత్రం అబద్ధం కాదు. ఆల్బమ్‌లో కలకాలం ఉంటుంది, ఎవరికైనా చూపించవచ్చు.

కొన్ని కాలేజీలకు ఇంత పనితనం చేతకాదు. అక్కడ కార్డు విద్యార్థి జేబులోనే ఉండనిస్తారు, కానీ డబ్బు తీసి తెచ్చి కౌంటర్‌లో నగదుగా కట్టమంటారు. రసీదు అడగడం మర్యాద కాదు. ఇంకొన్ని చోట్ల స్టైపెండ్‌ని ఫీజులోకి సర్దేస్తారు. ఏ ఫీజులోకి అని అడిగితే హాస్టల్ ఫీజు, మెస్ ఫీజు, లైబ్రరీ ఫీజు, ఇవన్నీ అయ్యాక మిసలేనియస్ అనే ఒక సముద్రం ఉంటుంది, ఏ నదైనా చివరికి అందులోనే కలవాలి. మరికొందరు మహానుభావులు ఈ తతంగమంతా ఎందుకని, "మా దగ్గర స్టైపెండ్ పద్ధతి లేదు" అని చేరే రోజునే మొహం మీద చెప్పేస్తారు. ఈ రోజుల్లో అంత ముక్కుసూటి మనుషులు దొరకడం కష్టం. వాళ్లను నేనేమీ అనను.

గాలి కబుర్లు పోగేసి రాస్తున్నానని యాజమాన్యాల సంఘాలు నొచ్చుకోవచ్చు. లెక్క నాది కాదు. జాతీయ వైద్య కమిషన్, అదే మనం ఎన్ఎంసీ అనుకునే సంస్థ, 2023లో పీజీ విద్యార్థులనే అడిగి సర్వే చేసింది. 10,178 మంది జవాబిచ్చారు. వాళ్లలో ప్రైవేటు కాలేజీలవాళ్లు 7,901 మంది. అసలు స్టైపెండే ఇవ్వడం లేదని చెప్పినవాళ్లు 2,110 మంది. ప్రభుత్వ కాలేజీలో ఇచ్చేంత ఇవ్వడం లేదన్నవాళ్లు 4,288 మంది. ఇచ్చింది యాజమాన్యమే మళ్లీ తీసేసుకుంటోందన్నవాళ్లు 1,228 మంది.

ఆ చివరి అంకెకు నేను ప్రత్యేకంగా నమస్కారం పెడతాను. ఇవ్వకపోవడంలో గొప్పేముంది, అది బద్ధకం. తక్కువ ఇవ్వడం పిసినారితనం, అదీ అందరికీ వచ్చిందే. కానీ పూర్తిగా ఇచ్చి, పూర్తిగా తీసుకుని, ఇచ్చినదానికి మాత్రమే కాగితం మిగిల్చడం ఉందే, దానికి గుమస్తాలు కావాలి, బీరువాలు కావాలి, బ్రాంచి మేనేజరుతో స్నేహం కావాలి, నెలనెలా తప్పని క్రమశిక్షణ కావాలి. ఆ క్రమశిక్షణలో పదో వంతు పెట్టినా ఆ ఆసుపత్రిలో రక్తపరీక్షల రిపోర్టులు వేళకు వచ్చేవి.

పైగా ఇందులో ఇంకో అందం ఉంది. ఫీజుల నియంత్రణ కమిటీ ముందుకి వెళ్లినప్పుడు కాలేజీలు తమ ఖర్చుల పద్దులు చూపించి, గిట్టుబాటు కావడం లేదు, ఫీజు పెంచండి మహాప్రభో అని మొర పెట్టుకుంటాయి. కార్డు కబ్జాలో ఉన్న స్టైపెండ్ కూడా ఆడిట్ లెక్కల్లో ఖర్చుగా ఎక్కి కూర్చుంటే? అప్పుడు కుర్ర డాక్టరుకు అందని డబ్బుకి, ఆ కుర్ర డాక్టరు తండ్రే ఫీజు రూపంలో మరోసారి కట్టాలి. తిన్నవాడొకడు, బిల్లు కట్టేవాడొకడు అన్నది పాత మాట. ఇక్కడ ఎవడూ తినలేదు, బిల్లు మాత్రం రెండుసార్లు వచ్చింది.

రూలు లేదా అంటారు. లేకేం, బంగారంలాంటి రూలుంది. పీజీ వైద్య విద్య మీద 2023లో ఎన్ఎంసీ తెచ్చిన నిబంధనల ప్రకారం ఏ కాలేజీ అయినా, ప్రైవేటుదైనా సరే, ఆ రాష్ట్రంలో ప్రభుత్వ కాలేజీ పీజీలకు ఇచ్చేదానితో సమానంగా స్టైపెండ్ ఇవ్వాలి. తెలంగాణ సంగతే తీసుకుంటే 2025లో సవరించాక పీజీ మొదటి ఏడాదికి నెలకు 67,032 రూపాయలు, రెండో ఏడాదికి 70,757, మూడో ఏడాదికి 74,782. అంటే మూడేళ్లకు కలిపి ఒక్కో విద్యార్థికి పాతిక లక్షల పైమాటే. ఒక కాలేజీలో వంద మంది పీజీలుంటే ఎంతో మీరే గుణించుకోండి. ఇప్పుడు ఆ బీరువాకి అంత పెద్ద తాళం ఎందుకో తెలుస్తుంది.

రూలు ఉన్నాక దాన్ని అమలు చేయడం అనే చిన్న పని ఒకటి మిగులుతుంది. ఈ విషయంలో ఎన్ఎంసీ పద్ధతి చాలా సున్నితమైనది. అది లేఖ రాస్తుంది. స్టైపెండ్ ఇస్తున్నారా లేదా అని, ఇవ్వడం లేదని పిల్లలు చెప్పిన కాలేజీలనే అడుగుతుంది. వాళ్లు జవాబివ్వకపోతే ఇంకో లేఖ. 2023లోనే సుప్రీంకోర్టు ఢిల్లీలోని ఆర్మీ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్ హౌస్‌సర్జన్లకు నెలకు 25,000 ఇవ్వాల్సిందేనని చెప్పి, ఈ వ్యవహారమంతా ఏమిటో తేల్చమని కమిషన్‌ను కూర్చోబెట్టింది. అప్పటినుంచి లేఖల జోరు పెరిగింది. వివరాలు పంపలేదని 198 కాలేజీలకు షోకాజ్ నోటీసులు వెళ్లాయి. వాటిలో 83 ప్రైవేటువి, 115 ప్రభుత్వానివి. ప్రైవేటు కన్నా సర్కారే ముందుంది, ఏదో ఒక రంగంలోనైనా. 2025 జూలైలో, ఏ కోర్సుకు ఫీజు ఎంత, స్టైపెండ్ ఎంత అనేది ఏడు రోజుల్లోగా మీ మీ వెబ్‌సైట్లలో పెట్టండి అని దేశంలోని కాలేజీలన్నిటికీ మరో నోటీసు.

వెబ్‌సైట్‌లో పెట్టడానికి ఎవరికి అభ్యంతరం? వెబ్‌సైట్‌లో హెలిప్యాడ్ కూడా పెట్టవచ్చు.

ఇదే కమిషన్ తలుచుకుంటే ఎంత పనిమంతురాలో కూడా చెప్పాలి. అధ్యాపకులు నిజంగా కాలేజీకి వస్తున్నారా, కాగితాల మీదే ఉన్నారా అని అనుమానం వచ్చినప్పుడు, ప్రిన్సిపల్ గారూ మీరే చెప్పండి అని లేఖ రాసి ఊరుకోలేదు. 2025 మే నుంచి వాళ్ల ముఖాన్ని ఆధార్‌తో పోల్చి, జీపీఎస్‌తో వాళ్లు ఏ ఆవరణలో నిలబడ్డారో పట్టేసే హాజరు పద్ధతి పెట్టింది. ప్రొఫెసర్ గారు గేటు బయట ఉన్నారో లోపల ఉన్నారో ఉపగ్రహం చెబుతుంది. ప్రొఫెసర్ గారి ఎదురుగా నిలబడి సెలైన్ పెడుతున్న పీజీ ఖాతాలో డబ్బు ఎంతసేపు నిలిచిందో చెప్పడానికి మాత్రం ఏ ఉపగ్రహానికీ చేతకాలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో జమ గీత కింద ఇంకో గీత ఉంటుంది, దాన్ని కూడా చదవండి అంటే సరిపోయేది. కానీ రెండో గీత చదవమని ఏ నిబంధనలోనూ లేదు కాబోలు.

ఇక దీని వెనకున్న తత్వం. ఏ చైర్మన్ గారిని కదిలించినా ఒకటే మాట: "వాళ్లు విద్యార్థులండీ. నేర్చుకోవడానికి వచ్చారు. మేం చదువు చెబుతుంటే మళ్లీ మేమే ఎదురు డబ్బివ్వాలా?"

వినడానికి న్యాయంగానే ఉంటుంది. రాత్రి రెండు గంటలకు ఆ చైర్మన్ గారి ఆసుపత్రి క్యాజువాలిటీలోకి అడుగుపెట్టనంతవరకు. హైవే మీద లారీ గుద్దిన మనిషిని స్ట్రెచర్ మీద తెస్తే ముందు పరుగెత్తేది ఎవరు? లేబర్ రూమ్‌లో తెల్లవార్లూ గ్లౌజులు తీయకుండా నిలబడేది ఎవరు? రక్తం సీసా కోసం బ్లడ్ బ్యాంకుకి ఫోన్లు చేసేదీ, స్కాన్ గదికి పేషెంటుతో పాటు వెళ్లేదీ, కేస్‌షీట్ రాసేదీ, బంధువుల తిట్లు తినేదీ, ఉదయం రౌండ్స్‌లో ప్రొఫెసర్ గారు రాగానే అన్నీ అప్పజెప్పి మళ్లీ ఓపీలో కూర్చునేదీ ఎవరు? పీజీ. మరి ఆ పీజీలే లేకపోతే? అప్పుడు ఆ యాజమాన్యమే ఎంబీబీఎస్ డాక్టర్లను డ్యూటీ డాక్టర్లుగా పెట్టుకుని, వాళ్లకు నెలనెలా జీతం ఇవ్వాలి. ఆ జీతానికి ఏటీఎం కార్డు లాక్కోవడం కుదరదు, మర్నాడే వేరే ఆసుపత్రికి వెళ్లిపోతారు. కాబట్టి అదే పనిని, అంతకన్నా ఎక్కువ పనిని, ఏటా లక్షలు కట్టి మరీ చేసేవాళ్లు దొరికారు. కూలి ఇవ్వడం పోయి కూలివాడి దగ్గరే రుసుము వసూలు చేసే ఈ ఏర్పాటును ఇంకా మేనేజ్‌మెంట్ కాలేజీలు పాఠంగా పెట్టకపోవడం విచిత్రం.

ఎంత పని అంటారా? 1992 నాటి కేంద్ర రెసిడెన్సీ నిబంధనల్లో వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 గంటలు మించకూడదని రాసుకున్నారు. 2023 నిబంధనల్లో గంటల గొడవే లేకుండా, సమంజసమైన వేళల్లో పని చేస్తారు, సమంజసమైన విశ్రాంతి ఇస్తారు అని చల్లగా ముగించారు. వారానికో రోజు సెలవు, అదీ పని ఒత్తిడిని బట్టి. ఆసుపత్రిలో పని ఒత్తిడి లేని రోజు ఎప్పుడొస్తుందో ఆ వాక్యం రాసినవారికే తెలియాలి. 2024లో వైద్య విద్యార్థుల మానసిక ఆరోగ్యం కోసం ఎన్ఎంసీయే వేసిన టాస్క్‌ఫోర్స్ కూర్చుని ఆలోచించి, వారానికి 74 గంటలు దాటకుండా చూడండి అని సిఫారసు చేసింది. ముప్పై రెండేళ్లలో 48 కాస్తా 74 అయింది, అదీ వాళ్ల మానసిక ఆరోగ్యం కోసమే. పూర్తి స్టైపెండ్ అందుకునే తెలంగాణ మొదటి ఏడాది పీజీకి కూడా ఆ 74 గంటల లెక్కన గంటకు 209 రూపాయలు పడుతుంది. పోనీ బయట సాయంత్రం ఓ క్లినిక్‌లో కూర్చుని నాలుగు రాళ్లు తెచ్చుకుందామా అంటే, పీజీ పూర్తికాలం రెసిడెంటు, ప్రైవేటు ప్రాక్టీసు చేయరాదు అనే నిబంధన తయారుగా ఉంటుంది. ఈ నిబంధన మాత్రం లేఖలూ నోటీసులూ అక్కర్లేకుండానే చక్కగా అమలవుతుంది.

చదువు వ్యాపారం కాదు, లాభాల కోసం కాదు అని సుప్రీంకోర్టు 2022 నవంబరులో చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎంబీబీఎస్ ఫీజును ఏడాదికి 24 లక్షలకు పెంచుతూ 2017లో ఇచ్చిన జీవోను హైకోర్టు కొట్టేస్తే, దాన్నే సమర్థిస్తూ చెప్పిన మాట అది. యాజమాన్యాలు దాన్ని అక్షరాలా పాటిస్తున్నాయని నా అభిప్రాయం. నిజంగా వ్యాపారమే అయితే పని చేసినవాడికి నెల తిరిగేసరికి కూలి ఇవ్వాలి కదా.

అకౌంట్స్ కౌంటర్ దగ్గర ఈ తత్వం ఎలా పలుకుతుందో ఊహించడం కష్టం కాదు.

"మేడమ్, మూడు నెలలుగా స్టైపెండ్ అందలేదండీ."

"పడిందిగా డాక్టరమ్మా. స్టేట్‌మెంట్ చూసుకో."

"పడిందండీ. అదే రోజు పోయింది కూడా."

"పోవడం సంగతి నాకు తెలీదమ్మా. మాది వేసే సెక్షన్."

"మరి తీసే సెక్షన్ ఎక్కడుందండీ?"

"అది పైన, చైర్మన్ గారి పేషీలో. వెళ్తావా మరి? నీ థీసిస్ మీద సార్ సంతకం అయిపోయిందా?"

ఆఖరి ప్రశ్నలోనే అంతా ఉంది. ఫిర్యాదు చేయొచ్చుగా, చదువుకున్నవాళ్లేగా, నోరు లేదా అని బయటివాళ్లం సులువుగా అంటాం. థీసిస్ మీద గైడు సంతకం పెట్టాలి. హాజరు చాలిందని కాలేజీ రాయాలి. హాల్ టికెట్ ఆఫీసులో ఇస్తారు. ప్రాక్టికల్ పరీక్షకు వచ్చే ఎగ్జామినర్లలో సగం మంది ఇంటివాళ్లే. ఒరిజినల్ సర్టిఫికెట్లు స్టైపెండ్ కార్డు ఉన్న బీరువాలోనే, పై అరలో ఉంటాయి. విసుగెత్తి సీటు వదిలేసి పోదామంటే సీట్ లీవింగ్ బాండ్ అని ఒకటి, లక్షల్లో. ఇంతమంది చేతుల్లో తన మెడ ఉన్న మనిషి, రెండు వేళ్లతో గూగుల్ ఫారం నింపి, 'వెనక్కి తీసుకుంటున్నారు' అనే గడిలో టిక్కు పెట్టాడు. ఆ 1,228 టిక్కులు ఎంత గుండె చేసుకుని పెట్టినవో తెలియక, అంతమందేనా అని ఒక పెద్దాయన నాతో పెదవి విరిచారు. అడిగినవాడికి జవాబు చెప్పడానికే భయపడినవాళ్లు ఏ గడిలోకి వస్తారు?

ప్రైవేటును ఇంతసేపు పొగిడాను కాబట్టి సర్కారు చిన్నబుచ్చుకోకూడదు. ప్రభుత్వం స్టైపెండ్ వెనక్కి తీసుకోదు. ఆ మాటకొస్తే అంత తొందరగా ఇవ్వదు కూడా. జూడాల, అంటే జూనియర్ డాక్టర్ల స్టైపెండ్ జీతాల పద్దులో ఉండదు, స్కాలర్‌షిప్పులూ స్టైపెండ్లూ అనే వేరే పద్దులో ఉంటుంది. దానికి బడ్జెట్ విడుదల కావాలి, ఉత్తర్వు రావాలి, బిల్లు కట్టాలి, ట్రెజరీలో పాస్ కావాలి, పాస్ అయిన బిల్లు వరసలో నిలబడాలి. ఆ వరసలో దాని ముందు రోడ్డు కాంట్రాక్టర్లుంటారు, వాళ్లకు నిలబడటం అలవాటు లేదు. అందుకే 2024 జూన్‌లో తెలంగాణ జూనియర్ డాక్టర్లు సమ్మెకు దిగినప్పుడు అడిగిన వాటిలో మొదటిది గ్రీన్ ఛానల్. అంటే ఏమిటి? నెలనెలా వేళకు స్టైపెండ్ ఇవ్వండి అని. పని చేసినవాడికి నెలాఖరున డబ్బివ్వడానికి మన దగ్గర ప్రత్యేక మార్గం ఒకటి కట్టాలి, దానికి రంగు వేయాలి, దానికో పేరు పెట్టాలి, దాన్ని సాధించడానికి ఓపీ బంద్ చేయాలి.

పెంపు సంగతీ అంతే. అడగందే అమ్మయినా పెట్టదంటారు. ఇక్కడ అడిగితే కూడా పెట్టరు, స్టెతస్కోపు కింద పెడితే పెడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 అక్టోబరులో జూడాలు సమ్మె నోటీసు ఇచ్చాకే పీజీ మొదటి ఏడాది స్టైపెండ్ 44,075 నుంచి 50,686కి కదిలింది. తెలంగాణలో 2025 జూన్ ఆఖరున సమ్మె నోటీసు గడువు ముంచుకొచ్చాకే 15 శాతం పెంపు జీవో బయటికొచ్చింది. రాష్ట్రాలు రెండైనా ఫైలు ఒకే ఇంధనంతో నడుస్తుంది. రెండేళ్లకోసారి పెంచాలని తెలుసు, ఎంత పెంచాలో తెలుసు, ఏ నెలలో పెంచాలో తెలుసు, అయినా ఆసుపత్రి ముందు టెంటు వేసేదాకా సంతకానికి పెన్ను దొరకదు. ఆ తర్వాత టీవీల్లో మాత్రం రోగుల ప్రాణాలతో చెలగాటం అని జూడాలకు నీతిపాఠం చెబుతారు.

ఎండీలూ ఎంఎస్‌లూ కాకుండా వైద్యరంగంలో ఇంకా చాలామంది చదువుతున్నారు, వాళ్ల గోడు రెండు ముక్కల్లో అయిపోతుంది, ఎందుకంటే వాళ్లకు సమ్మె చేసే బలం లేదు, సమ్మె చేసినా ఎవరి ఓపీ ఆగదు. జీప్యాట్ రాసి ఎంఫార్మసీలో చేరినవారికి ఏఐసీటీఈ నెలకు 12,400 ఇస్తుంది. ఆ అంకె పెట్టి పదేళ్లు దాటింది, దానికి తోడు పుట్టలేదు. ఐసీఎంఆర్ ఫెలోషిప్‌తో పరిశోధన చేసే కుర్రాళ్లకు 2023 జనవరి నుంచి 37,000 చేశారు, కానీ అది ఎప్పుడొస్తుందో కనిపెట్టడం మరో పరిశోధనాంశం. ఇక ఎంఎస్సీ నర్సింగ్, ఫిజియోథెరపీ పీజీలు. వాళ్ల విషయంలో ఆంధ్రప్రదేశ్ 2020 డిసెంబరులో 77 నంబరు జీవోతో ప్రైవేటు కాలేజీల్లో పీజీ చదివేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ అనే ఆశను కూడా తీసేసి మనసు తేలిక చేసింది. తెలంగాణలో ఆశ ఉంచారు, దానికి టోకెన్ నంబర్ కూడా ఇచ్చారు. డబ్బు రాకపోయినా ఫర్వాలేదు, నంబర్ దగ్గరుంటే ధైర్యం. కాలేజీవాళ్లు ఆ ధైర్యంతో తృప్తిపడక, బకాయి కడితేనే సర్టిఫికెట్ అని పిల్లల్ని పట్టుకుంటారు. ప్రభుత్వం కాలేజీకి బాకీ, జామీను మాత్రం విద్యార్థి.

ఇంత చూశాక నాకు ఒకటి అర్థమైంది. ఈ స్టైపెండ్ నిర్వహణ పద్ధతి చాలా గొప్పది, దాన్ని ఒక్క స్టైపెండ్‌కే పరిమితం చేయడం అన్యాయం. కాబట్టి వచ్చే విద్యా సంవత్సరం నుంచి పీజీ ఫీజుల చెల్లింపును కూడా ఇదే పద్ధతిలోకి మార్చాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

విద్యార్థి ఇంటికి దగ్గర్లోని బ్రాంచిలో కాలేజీ పేరు మీద ఓ ఖాతా తెరవాలి. చైర్మన్ గారు పని ఒత్తిడిలో పారేసుకునే ప్రమాదం ఉంది కాబట్టి దాని ఏటీఎం కార్డు, చెక్కుబుక్కు విద్యార్థి వాళ్లమ్మగారి బీరువాలో ఉంటాయి. ఖాళీ చెక్కుల మీద చైర్మన్ గారే స్వయంగా సంతకాలు చేయాలి, ఫోర్జరీ నేరం కదా. గడువు తేదీన ఉదయం పది గంటలకు ఫీజు మొత్తం, రూపాయి తగ్గకుండా జమవుతుంది. చైర్మన్ గారి ఫోన్‌కి మెసేజ్ వెళ్తుంది. సాయంత్రానికి వాళ్లమ్మగారు తీసేసుకుంటారు. స్టేట్‌మెంట్‌లో మొదటి గీత దగ్గర పసుపు రంగు పూసి, ముద్ర కొట్టి, కాలేజీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతారు.

చేతనైనంత ఫీజు ఇవ్వదలచుకున్న కుటుంబాలు సమంజసమైన మొత్తం ఇవ్వవచ్చు. ఎంతైతే సమంజసం అన్నది, రెసిడెంట్ల పని గంటల్లాగే, రాయనక్కర్లేదు. ఇప్పుడు డబ్బు లేనివాళ్లు టోకెన్ ఇస్తారు. అది కూడా మూడు నెలలకోసారి, ఇంటి బడ్జెట్ విడుదలను బట్టి. పెట్రోలు, స్కూలు, చీటీలాంటి ముఖ్యమైన బిల్లులు పాస్ అయ్యాక వరసలో మిగిలినది కాలేజీకి. చైర్మన్ గారికి మరీ ఇబ్బందిగా ఉంటే గ్రీన్ ఛానల్ కోసం మా ఇంటి ముందు టెంటు వేసుకోవచ్చు, కానీ విద్యార్థుల భవిష్యత్తుతో చెలగాటం ఆడకూడదు.

ఏ యాజమాన్యమైనా ఫీజు అందలేదని ఫిర్యాదు చేయదలిస్తే కాలేజీ పేరు, చైర్మన్ గారి పేరు, చిరునామా స్పష్టంగా రాసి సంతకం చేయాలి. ఆ ఫిర్యాదు మీద విచారణ బాధ్యత వాళ్లమ్మగారిదే. విచారణలో భాగంగా ఆమెకు, మీరు ఫీజు కడుతున్నారా లేదా అని ఓ లేఖ వెళ్తుంది. కడుతున్నానని ఆమె వెబ్‌సైట్‌లో పెడితే చాలు, మాట మీద నమ్మకం ముఖ్యం.

ఈ ప్రతిపాదన మీద అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లోగా తెలియజేయగలరు. గడువు దాటితే ఊరుకునేది లేదు, ఇంకో లేఖ రాస్తాం.